వెనక్కి రమ్మనే మాట లేని కుక్క

బెంగళూరు మహదేవపుర ప్రాంతంలో కుక్కలను పెంచుకుంటున్న తెలుగు కుటుంబాల ఆదివారపు సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

ఈ ఉదయం నన్ను మాట్లాడమన్న విషయం చూడడానికి చిన్నది. హస్కీ జాతి కుక్కను వాకింగుకు తీసుకువెళ్ళినప్పుడు లీష్, అంటే మనం చేత్తో పట్టుకునే తాడు, విప్పి వదలవచ్చునా, వదలకూడదా అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న నాకు పంపిన దంపతులు ముందు వరుసలోనే కూర్చున్నారు. తమ కుక్కకు పద్నాలుగు నెలలని, ఇంట్లో పిలిస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుందని, ఉదయం అయిదున్నరకు చెరువు గట్టు మీద పెద్దగా మనుషులుండరని, అటువంటి చోట కూడా దాన్ని కట్టి తిప్పడం పాపమనిపిస్తోందని వారు రాశారు. అందులో ప్రతి వాక్యమూ నిజమేనని నేను నమ్ముతున్నాను. అయినా నా సమాధానం వద్దనే. సమాధానం ముందే చెప్పేశాను కనుక తొందర పనులున్నవారు కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు. కారణాలు వినదలచినవారు కూర్చోండి.

నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకునే రోజుల్లో హస్కీని పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. బెంగళూరు వచ్చిన కొత్తలో నా బల్ల మీదికి వచ్చినవన్నీ పామరేనియన్లు, డాబర్‌మన్లు, ఆల్సేషియన్లు. తరువాత ల్యాబ్రడార్ల కాలం నడిచింది. హస్కీలు వచ్చాక నాకొక తేడా కనిపించింది. మిగిలిన జాతుల యజమానులు జ్వరమనో, పుండనో, తిండి మానేసిందనో వచ్చేవారు. హస్కీ యజమానుల్లో చాలామంది పారిపోయి తిరిగొచ్చిన కుక్కను పట్టుకుని వచ్చేవారు. చీలిన పాదాలు, గేటు కింద దూరినప్పుడు గీరుకుపోయిన వీపు, వీధికుక్కల పళ్ళ గాట్లు, బండి తగిలి విరిగిన తొడ ఎముక. ఒకే జాతిలో ఇది ఇంతగా ఎందుకు కనిపిస్తోందని ఆలోచిస్తే ఆ జాతి చరిత్ర దాకా వెళ్ళవలసి వచ్చింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనవాళ్ళు నిందగా అంటారు. కుక్కల జాతుల దగ్గర ఆ మాటలో నింద ఏమీ లేదు. మనిషి తరతరాలుగా ఏ పని కోసం ఏరి ఏరి పెంచాడో ఆ పనే చివరికి దాని బుద్ధి అయి కూర్చుంటుంది. ల్యాబ్రడార్‌ను వేటగాడు కొట్టిన పక్షిని నోట కరుచుకుని తెచ్చి చేతికివ్వడం కోసం పెంచారు, కాబట్టి వెనక్కి రావడమే దాని ఉద్యోగం. గొర్రెలను తోలే కాలీ జాతి కుక్క ఎంత దూరం పోయినా ఒక చెవి కాపరి ఈల మీదే ఉంచుతుంది. మన అనంతపురం కాపరుల వెంట తిరిగే నాటు కుక్క మందను దాటి పోదు. హస్కీ మాత్రం మనిషికి ముందు నడవడానికి పుట్టిన కుక్క. పని వేళంతా మనిషి దానికి వెనకే ఉంటాడు.

సైబీరియా ఈశాన్య కొసన చుక్చీ ప్రజలు ఈ కుక్కలను తీర్చిదిద్దుకున్నారు. కొద్దిపాటి బరువును, ఓ మోస్తరు వేగంతో, కొద్దిపాటి తిండితో, మంచు మీద చాలా దూరం లాగగలగడం వారికి కావలసిన గుణం. 1908లో ఒక రష్యన్ వర్తకుడు వీటిని అలాస్కాలోని నోమ్ పట్టణానికి తీసుకువచ్చాడు. ఆ దేశపు పెద్ద కుక్కల పక్కన ఇవి చిన్నగా ఉండడంతో సైబీరియా ఎలుకలని నవ్వారట. ఆ నవ్విన ఊళ్ళోనే 1909లో సుమారు 650 కిలోమీటర్ల కుక్కబండ్ల పందెంలో వీటి బృందం మూడో స్థానంలో వచ్చింది, మరుసటి ఏడు మొదటి స్థానమే గెలిచింది. 1930లో కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెనెల్ క్లబ్ సైబీరియన్ హస్కీని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మన ఇళ్ళలో సోఫాల మీద పడుకుంటున్నవాటి పూర్వులు ఈ పందెపు కుక్కలే.

ఈ కుక్కలు లాగే స్లెడ్జిని, అంటే మంచు మీద జారే చక్రాల్లేని బండిని, తోలే పద్ధతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ ఉదయం నేను చెప్పదలచినది అందులోనే ఉంది. మన ఎడ్లబండికి పగ్గాలుంటాయి, ఎద్దుకు ముకుతాడు ఉంటుంది. కుక్కల స్లెడ్జికి పగ్గాలు లేవు. తోలేవాడు వెనక నిలబడి నోటి మాటతోనే బృందాన్ని నడుపుతాడు. కుడికి తిరగమనడానికి ‘జీ’, ఎడమకు ‘హా’, ఆగమనడానికి ‘వో’, ఇలా కొన్ని మాటలుంటాయి. ఆ మాటల పట్టికంతా వెతికినా ‘నా దగ్గరికి తిరిగి రా’ అనే మాట ఉండదు. పని వేళ దాని అవసరమే రాదు, కుక్కలు బండికి కట్టే ఉంటాయి కనుక. బండి ఆపితే మంచులోకి ఇనుప కొక్కెం దిగగొట్టి ఆపుతారు, విడిది చేస్తే ఒక్కొక్కదాన్నీ గొలుసుకు కడతారు. తోలేవాడు జారి పడినా బండి పిడి వదలకూడదని కొత్తవాడికి మొదటి రోజే నేర్పుతారు, ఎందుకంటే అతను పడ్డాడని బృందం ఆగదు, వెనక్కి తిరిగి చూడదు, ఖాళీ బండిని లాక్కుంటూ పోతూనే ఉంటుంది. హస్కీల గురించి అందరికంటే బాగా తెలిసిన మనుషులు, జీవితమంతా వాటితో గడిపినవారు, వాటిని వట్టి మాట నమ్మకం మీద వదిలిపెట్టరు. ఆరు నెలల క్రితం పిల్లను కొని తెచ్చుకున్న మనం వదలవచ్చునా అని అడుగుతున్నాం.

దీనికి తోడు మరొక గుణం ఉంది. ముందు నడిచే కుక్క చెప్పినట్టల్లా చేస్తే బృందమంతా చావవచ్చు. పలచటి మంచుగడ్డ మీదికి పొమ్మని తోలేవాడు చీకట్లో తెలియక అరిచినా, కాళ్ళ కింద అదురు తెలిసిన కుక్క ఆ మాట వినకూడదు. కాబట్టి మాట విని, తన లెక్క తాను చూసుకుని, అవసరమైతే కాదనే కుక్కనే వారు మెచ్చుకున్నారు. మన ఇళ్ళలో దీన్ని మొండితనమంటున్నాం. ‘డాక్టరుగారూ, దీనికి చెవుడేమో చూడండి’ అని నా దగ్గరికి వచ్చినవారున్నారు. దాని వెనక చిప్స్ పొట్లం విప్పి చూపించి చెవుడు లేదని నిరూపించి పంపాను.

టోగో అనే హస్కీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1925 చలికాలంలో నోమ్ పట్టణంలో కంఠసర్పి, అదే డిఫ్తీరియా, ప్రబలినప్పుడు 20 మంది తోలేవాళ్ళు చేతులు మార్చుకుంటూ సుమారు 1,085 కిలోమీటర్ల దూరం మందు చేరవేశారు. అందులో అన్నిటికంటే పొడవైన, ప్రమాదకరమైన భాగాన్ని లియోన్‌హార్డ్ సెప్పలా అనే తోలేవాడి బృందం దాటింది, ఆ బృందానికి ముందు నడిచింది టోగో. న్యూయార్కు సెంట్రల్ పార్కులో విగ్రహం మాత్రం చివరి దశలో పరుగెత్తిన బాల్టోకు దక్కింది, అది వేరే సంగతి. నాకు నచ్చేది టోగో చిన్నతనం. పనికిరాని పిల్ల అని సెప్పలా దాన్ని ఒకరికి ఇచ్చేస్తే ఆ ఇంటి కిటికీ అద్దం పగలగొట్టుకుని తిరిగి వచ్చింది. ఎనిమిది నెలల వయసులో ఇంటి దగ్గర కంచెలో పెట్టి అతను ప్రయాణమై పోతే కంచె దూకి వెంటపడింది. వచ్చినదేమైనా బుద్ధిగా నడిచిందా అంటే లేదు, దారిలో కనిపించిన రెయిన్‌డీర్లను తరిమింది, బండి లాగుతున్న కుక్కలను కూడా ఆ వేటలోకి దింపబోయింది. విసిగిపోయిన సెప్పలా చేసిన పని ఏమిటంటే, దాన్ని తెచ్చి పట్టీ వేసి బృందంలో కట్టాడు. కట్టిన రోజే అది చాలా దూరం లాగి ముందు వరుసకు చేరింది. పట్టీ వేశాకనే ఆ కుక్కకు తన పని దొరికింది.

ఇక నా సొంత తప్పు చెప్పుకోవాలి. మా ఇంట్లో మంచు అనే ఆడ హస్కీ ఉండేది. పేరు మా మనవరాలు పెట్టింది. దాని మొదటి యజమానులు దేశం విడిచి వెళ్ళిపోతూ నా దగ్గర వదిలిపెట్టేనాటికి దానికి రెండేళ్ళు. మా అల్లుడికి అదంటే ప్రాణం. అయిదు నెలలపాటు పొడవాటి తాడు కట్టి చెరువు గట్టు మీద పిలుపు నేర్పాడు. సాఫ్ట్‌వేరు మనిషి కనుక ఎన్నిసార్లు పిలిచాడో, ఎన్నిసార్లు వచ్చిందో ఫోనులో లెక్క కూడా రాసుకున్నాడు. చివరి ఎనభై పిలుపులకు ఎనభైసార్లూ వచ్చింది. ఆ లెక్క చూపించి ఒక డిసెంబరు ఉదయం ఇక తాడు తీసేద్దాం మామయ్యా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. వద్దని గట్టిగా అనలేదు. నాకూ అది విడిగా పరుగెత్తడం చూడాలని ఉండింది.

కొక్కెం విప్పినప్పటి టక్కుమనే చప్పుడు నాకింకా గుర్తుంది. మొదటి నాలుగైదు నిమిషాలు అది మా చుట్టూ వలయాలు తిరుగుతూ పరుగెత్తింది, రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ వచ్చి ముక్క తిని పోయింది. అప్పుడు జమ్ము పొదల్లోంచి ఒక ముంగిస గట్టుకు అడ్డంగా పరుగు తీసింది. ఎప్పుడూ నడుము మీద కొడవలిలా వంపు తిరిగి ఉండే మంచు తోక నెమ్మదిగా దిగి వెన్నుకు సమంగా నిలిచింది. చెవులు రెండూ వెనక్కి అణిగాయి. అల్లుడు పిలిచాడు. ఒక చెవి ఇటు తిరిగింది, అంటే వినపడింది. మళ్ళీ ముందుకు తిరిగింది. ఆ తరువాత మేము చూసినది గట్టు కింద ఊగుతున్న గడ్డిని మాత్రమే.

మూడు గంటలు వెతికాం. రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు దాటిందని ఒక సెక్యూరిటీ గార్డు చెప్పాడు. ఆ రోడ్డును అది ఎలా దాటిందో నేను ఊహించుకోవడం మానేశాను. చివరికి ఒక గుడి ముందు పూలమ్మే ఆవిడ బండి చక్రానికి కట్టేసి ఉంది, కట్టింది పూలబుట్ట మోకుతో. పాదాల మెత్తలు రెండు చీలి రక్తం కారుతున్నా ఆవిడ పెట్టిన ఇడ్లీ తింటోంది. ‘నిమ్దా నాయి?’, మీ కుక్కేనా అని కన్నడంలో అడిగి, మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, ములబాగిలు తెలుగులోకి తిరిగింది ఆవిడ. ‘ఇంత అందమైన కుక్కని ఇట్లా ఇడిసిపెడితే ఎవురన్నా ఎత్తుకోని పోరా సామీ?’ అంది. ఎవరు ఎత్తుకుపోయినా అది తోక ఊపుతూ పోయేదే. హస్కీకి కాపలా బుద్ధి లేదు, దొంగనూ చుట్టాన్నీ ఒకేలా ఆదరిస్తుంది.

ఆ ఎనభై పిలుపులకు విలువ లేదా అంటే ఉంది. కాని అవన్నీ ముంగిస లేనప్పటి పిలుపులు. తరమడమనేది కుక్కకు తనంత తానే బహుమతి. చేతిలోని కోడి కాలేయం ముక్క దానికి సాటి రాదు. ఒక్కసారి తరిమి ఆ రుచి ఎరిగిన కుక్క దగ్గర తరువాతి పిలుపులు మరింత బలహీనపడతాయి. పైగా వేగం చూడండి. హస్కీ పూర్తిగా సాగి పరుగెత్తితే గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకోగలదు, అంటే సెకనుకు పదకొండు మీటర్లు. మీరు ‘అరెరే’ అని, పేరు పెట్టి ఒకసారి మామూలుగా, మరోసారి గట్టిగా పిలిచేసరికి అయిదు సెకన్లు గడుస్తాయి. కుక్క యాభై మీటర్ల అవతల ఉంటుంది. ఈ నగరంలో మీరు వాకింగుకు వెళ్ళే ఏ చోటైనా తీసుకోండి, అక్కడి నుంచి బండ్లు తిరిగే రోడ్డు ఎన్ని సెకన్ల దూరంలో ఉందో ఇంటికి వెళ్ళాక లెక్క వేసి చూడండి.

నేర్పించవద్దని నేననడం లేదు. తప్పక నేర్పండి, ఎప్పుడో లీష్ చేయి జారిన రోజున, గేటు తెరిచి ఉన్న రోజున, దీపావళి బాంబుకు బెదిరి మెడ లాక్కున్న రోజున ఆ పిలుపే మీకు దిక్కు. కాని మన ఇళ్ళలో పిలుపు నేర్పడంలో ఒక తమాషా ఉంది. చాలామంది ‘రా’ అని నేర్పుతారు. తెలుగు ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు ఆ అక్షరం వినపడుతుందో ఆలోచించండి. ఏంట్రా, ఎక్కడికిరా, తినరా, ఫోను పక్కన పెట్టరా. కుక్క చెవికి అది ఫ్యాను చప్పుడుతో సమానమైపోతుంది. అందుకని ఇంట్లో మరెప్పుడూ పలకని మాట ఒకటి ఎంచుకోవాలి, చివర దీర్ఘం ఉంటే దూరం వినపడుతుంది. నాకు షుగరు వచ్చిన తరువాత మా ఇంట్లో జాంగ్రీ అనే మాట వినపడడం మానేసింది, దాన్నే మంచుకు పిలుపుగా పెట్టాం. వాకింగులో ఒక పెద్దమనిషి ‘జాంగ్రీ’ అని గొంతెత్తి అరుస్తుంటే నలుగురూ నవ్వేవారు, కాని మంచు తల ఎత్తేది. ఆ మాట అన్నప్పుడల్లా దానికి అన్నిటికంటే ఇష్టమైన తిండి దొరకాలి. ఆ మాటతో పిలిచి స్నానం చేయించకూడదు, మందు వేయకూడదు, తిట్టకూడదు, ప్రతిసారీ వాకింగు ముగించి ఇంటికి లాక్కుపోకూడదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు గదిలో, తరువాత మెట్ల మీద, ఆపైన సెల్లారులో, చివరికి తాడు మీద ఆరుబయట. అంతవరకే. తాడు తీయడమనే ఆఖరి మెట్టు హస్కీకి లేదు.

ఇప్పటి వరకు కుక్క వైపు నుంచే మాట్లాడాను. ఎదుటివాడి వైపు నుంచి కూడా కొంచెం చూడాలి. లీష్ లేని కుక్క ఒక పాప మీదికో, కట్టి ఉన్న మరో కుక్క మీదికో పరుగెడుతుంటే దాని యజమాని దూరం నుంచి అరిచే వాక్యం ఈ నగరంలో ఏ భాషలోనైనా ఒకటే, ‘మా కుక్క ఏమీ అనదండీ’. ఏమీ అనదని మీకు తెలుసు, ఆ పాపకు తెలియదు. హస్కీ ముఖం చూసి తోడేలనుకునేవారు కూడా ఉన్నారు. ఇక మీ కుక్క నిజంగా ఏమీ అనదా అన్నది ఎదురుగా ఉన్న ప్రాణిని బట్టి ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఒక హస్కీ మనుషుల ఒళ్ళో ఎక్కి కూర్చునే రకం. ఒకరోజు చేయి జారి, కట్టుబడి పనివాళ్ళ షెడ్లలోకి దూరి ఆరు కోళ్ళను చంపింది. యజమాని మంచివాడు, కోళ్ళ ఖరీదుకు రెట్టింపు ఇవ్వబోయాడు. కల్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఆ ఇల్లాలు అయిదు కోళ్ళకే డబ్బు తీసుకుంది. ఆరోది ఊరి జాతరకు మొక్కుకుని పెంచుతున్న పుంజు. దానికి వెల కట్టడం తన వల్ల కాదంది.

వీధికుక్కల మాట మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక్కో సందుకు ఒక్కో గుంపు, ఒక్కో గుంపుకు ఒక్కో సరిహద్దు. లీష్ మీద ఉన్న కుక్కను మీరు పక్కకు తప్పించి తీసుకుపోగలరు. విడిగా ఉన్నది ఒకసారి పరుగు అందుకుంటే గుంపంతా వెనక పడుతుంది, అది ఇంకా దూరం పోతుంది, దారి తప్పుతుంది. చట్టం సంగతి కూడా ఒక్క మాటలో చెప్పి ముగిస్తాను. తన దగ్గరున్న జంతువు వల్ల ఎదుటివారి ప్రాణానికో ఒంటికో ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 రకాల కుక్కలను నిషేధించాలని ఉత్తర్వు పంపింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ జాబితాలో హస్కీ లేదు. లేకుండా ఉండాలంటే మనం ఎలా మసలుకోవాలో వేరే చెప్పనవసరం లేదు.

ఎండ గురించి వేరే రోజు మాట్లాడుకుందాం, అది ఒక పూట విషయం. ఇక్కడికి సంబంధించినంత వరకు ఒక్కటే. బెంగళూరు చల్లటి ఊరని పేరే గాని 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. రెండు పొరల బొచ్చుతో తరుముతూ పరుగెత్తే కుక్క తనకు వేడెక్కిందని తెలిసి ఆగదు, లీష్ పట్టుకున్న మనిషి ఆపుతాడు. దాని ఒంటి వేడి 41 డిగ్రీలు దాటాక నా దగ్గరికి తెస్తే నేను ఐసు నీళ్ళు కాదు, మామూలు చల్లటి నీళ్ళు పోసి, సెలైను ఎక్కించి, ఆపైన ప్రార్థన చేయగలను, అంతే.

మీలో ఒకరు మనసులో అనుకుంటున్న మాట నాకు తెలుసు, లీష్ లేకుండా తిరిగే హస్కీ ఒకటి తమ లేఔటులోనే ఉందని. నిజమే. అటువంటివి రెంటిని నేనూ ఎరుగుదును. ఒకటి పదకొండేళ్ళ ముసలిది, దానికి తుంటి నొప్పి. రెండోది నిజంగానే పిలిస్తే వచ్చేది. ఎందుకు వచ్చేదో ఇన్నేళ్ళ అనుభవంతో కూడా నేను చెప్పలేను, మీ కుక్క అటువంటిదవునో కాదో ముందుగా తెలుసుకునే పరీక్ష నా దగ్గర లేదు. ఉన్న ఒకే పరీక్ష వదిలి చూడడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తే ఈ బుద్ధి పోదా అని కూడా అడుగుతారు. మగ కుక్క ఆడ కుక్కల కోసం తిరగడం కొంత తగ్గుతుంది గాని ముంగిస వెంట పడడం తగ్గదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఉన్న సైబీరియన్ హస్కీ సంఘాలు, అంటే ఈ జాతిని పొగడడమే పనిగా పెట్టుకున్నవారు, కొత్తగా కొనేవారికి కంచె లేని చోట వదలవద్దనే చెబుతారు.

అయితే ఆ దంపతులు రాసిన పాపం అనే మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆరడుగుల పట్టీ మీద అపార్ట్‌మెంటు చుట్టూ ఇరవై నిమిషాలు తిప్పి తెచ్చి బాల్కనీలో వదిలితే అది హస్కీకి అన్యాయమే. సోఫాలు చింపుతుంది, అర్ధరాత్రి ఊళ వేస్తుంది, పొరుగువారు సంఘానికి ఫిర్యాదు చేస్తారు. ఆ దోషం లీష్‌ది కాదు, పరుగు లేకపోవడానిది. పది మీటర్ల పొడవు తాడు కొనండి. దాన్ని ఎప్పుడూ హార్నెస్‌కే, అంటే ఛాతీకీ భుజాలకూ వేసే పట్టీకే కట్టండి, మెడ పట్టీకి కట్టకూడదు, ఇరవై కిలోల కుక్క పూర్తి వేగంతో తాడు కొసకు చేరినప్పుడు ఆ కుదుపు మెడ మీద పడకూడదు. చేతికి గ్లోవ్సు వేసుకోండి, తాడును అరచేతికి చుట్టుకోకండి. నా ఎడమ చూపుడువేలు మీద ఉన్న మచ్చ అలా వచ్చినదే. మామూలు రోడ్డు మీద నడిచేటప్పుడు మార్టింగేల్ అనే రకం మెడ పట్టీ వాడండి. హస్కీ మెడ బొచ్చుతో లావు, తల సన్నం, వెనక్కి జరిగి తల వంచితే మామూలు పట్టీ చొక్కా విప్పినట్టు ఊడి వస్తుంది. లాగితే కాస్త బిగిసే ఈ రకం అలా జారదు. బటను నొక్కితే సాగే డబ్బా లీష్ మాత్రం హస్కీకి వద్దు. చేయి జారితే ఆ ప్లాస్టిక్ డబ్బా నేల మీద గణగణమంటూ వెంటపడి దాన్ని మరింత బెదరగొడుతుంది.

అన్నిటికంటే మేలైనది దాని పని దానికివ్వడం. మీ ఇంట్లో ఉదయం పరుగెత్తే అలవాటున్న పిల్లలెవరైనా ఉంటే నడుముకు వెడల్పాటి బెల్టు, సాగే తాడు, లాగడానికి కుట్టిన హార్నెస్ కొని, ఏడాదిన్నర దాటిన కుక్కను ముందు కట్టి పరుగెత్తమనండి. కానిక్రాస్ అంటారు దీన్ని. ఆరు గంటల లోపల, చల్లగా ఉన్నప్పుడు, మట్టిదారి మీద. మంచుకు తొమ్మిదో ఏడు వచ్చేదాకా మా అల్లుడు అలాగే పరుగెత్తించాడు. ముంగిసలు అప్పుడూ కనిపించేవి. అది ఒక్క గుంజు గుంజేది, అతను తూలేవాడు, ఇద్దరూ ముందుకే పోయేవారు. ఆ పరుగులో దాని తోక చూస్తే ముంగిసను చూసిన ఉదయం నిలిచినట్టే వెన్నుకు సమంగా ఉండేది.

ప్రసంగం అయిపోయిందనుకుని లేస్తున్నాను గాని, ముందు వరుస నుంచి ఆ దంపతులే మరో ప్రశ్న అడుగుతున్నారు. చిక్కబళ్ళాపురం దారిలో వారి బంధువులకు ద్రాక్షతోట ఉందట, చుట్టూ కంచె ఉందట, అక్కడైనా వదలవచ్చునా అని. వదలవచ్చు, ఎందుకు వదలకూడదు, నాకూ సంతోషమే. అయితే ముందు ఆ కంచె చుట్టూ మీరు కాలినడకన ఒకసారి తిరగండి. ఎత్తు ఆరడుగులు ఉండాలి. అడుగున వల నేలలోకి ఒక అడుగైనా దిగి ఉండాలి, లేకపోతే అది తవ్వుతుంది, హస్కీ తవ్వితే పందికొక్కు సిగ్గుపడాలి. మోటారు షెడ్డు గాని, ఎరువు బస్తాలు గాని కంచెకు ఆనుకుని ఉంటే అవి దానికి మెట్లు. పాలేరు వచ్చేటప్పుడు గేటు ఎవరు వేస్తారో ముందే మాట్లాడుకోండి. చిక్కబళ్ళాపురం వైపు తోటల గేట్లు ట్రాక్టరు కోసం నేలకు కాస్త ఎత్తుగా కడతారు. వచ్చే వారం వెళ్ళినప్పుడు ఆ గేటు అడుగున అరచేయి నిలువుగా పెట్టి చూసి, ఎంత ఖాళీ ఉందో నాకు ఫోను చేసి చెప్పండి.